మాగబెట్టే గది

చింతలపూడి,
కార్తీక పౌర్ణమి వెళ్ళిన మర్నాడు.

ఆగిరిపల్లి దుప్పటి జమీందారు, మా బావ సుభాష్ గారి సముఖానికి,

అప్పారావు రాసేది ఏంటంటే, ఇక్కడ అందరం బాగానే ఉన్నాం, నా చెవులు తప్ప. అవి పూర్తిగా పోయాయి. మెషీను పెట్టుకుంటే తలలో ట్రాక్టరు తిరుగుతుంది గానీ మాట తెలీదు. ఎవరన్నా ఫోను చేసి "బాగున్నావా" అంటే "తిన్నానండీ" అంటున్నానని మా ఆవిడ కృష్ణవేణి ఒకటే నవ్వు. వాట్సాపులో రాసుకుందామంటే అందులో మనిషి కోప్పడ్డాడో నవ్వాడో ఎవడికి తెలుసు? కాగితమైతే అలాక్కాదు. కోపంగా రాస్తే నొక్కి రాస్తాం. ఈ ఉత్తరం వెనక్కి తిప్పి వేలితో తడిమి చూడు బావా, నీకే తెలుస్తుంది.

పుష్య మాసం వస్తే అక్క పోయి ఏడాది. పోయినేడు తలకొరివి నేను పెట్టాను. కొడుకు లేని ఇంట్లో మొగుడు పెట్టాలి. మొగుడు రాలేదు. బీపీ పడిపోయిందన్నారు, సరే. పెద్దకర్మ నాడు కారు దిగావు. కాళ్ళకి సాక్సులు, చేతులకి ఉన్ని తొడుగులు, మెడకి మఫ్లరు! పెళ్ళాం పెద్దకర్మకి వచ్చావా, ఊటీ వచ్చావా అని మా ఊరోళ్ళు ఇప్పటికీ అడుగుతున్నారు. తలారా నాలుగు చెంబులు పోసుకోలేదు. కుర్చీలో కూర్చుని వెళ్ళిపోయావు.

అంతకుముందు మాత్రం ఏం తక్కువ? చలికాలం వస్తే మా అక్క మసక చీకట్లో లేచి మంచులో మామిడి తోటంతా తిరిగేది, బీఎస్సీ చదివిన దొరగారు ఎండ వచ్చేదాకా దుప్పట్లో. నేనడిగితే "మీ బావకి పొద్దున్నే లేచే అలవాటు లేదురా" అని నవ్వేసేది.

అయిందేదో అయింది. సంవత్సరీకం గోదావరి ఒడ్డున, పట్టిసీమ రేవులో పెడదాం. కర్తవి నువ్వే. తెల్లవారుజామున మూడు మునకలు వేసి, తడిబట్టతో పిండం పెట్టు. ఆ ఒక్కటీ చెయ్యి. నా మనసులో ఉన్నదంతా గోదాట్లో కలిపేస్తాను.

సింధూర పెళ్ళి వైశాఖంలో అన్నారు. దాన్ని బుట్టలో కూర్చోబెట్టి మండపానికి మోసుకురావాల్సిన మేనమామని నేను. ముందు దాని తల్లి రుణం తీరనివ్వు.

అప్పారావు

*

ఆగిరిపల్లి,
కార్తీకం చివరి వారం.

అప్పారావుకి,

ఉత్తరం అందింది. వెనక తడిమి చూడలేదు. అవసరం లేకపోయింది.

సంవత్సరీకం ఇంటి దగ్గరే చేస్తాను. గోదావరికి రాలేను. కారణం అడగవద్దు.

చలి ఇప్పుడిప్పుడే మొదలైంది. పడమటి వరసలో చిన్నరసాలకు మొగ్గ ఉబ్బుతోందని తోట చూసే యలమంద చెబుతున్నాడు. మీ అక్క ఉంటే సరిగ్గా చెప్పేది. యలమందకు అన్నీ బాగానే ఉంటాయి. వడగళ్ళు పడినా "బాగుందండీ" అంటాడు.

సింధూర ఏలూరు నుంచి ప్రతి ఆదివారం వచ్చి వెళుతోంది. ఆ పిల్ల పెళ్ళికి నువ్వు ఉండాలి. ఇది మాత్రం అడుగుతున్నాను.

సుభాష్

*

చింతలపూడి,
మార్గశిరం.

శ్రీ సుభాష్ గారికి,

మీ ఉత్తరం చేరినది. నాలుగు ముక్కలు, అందులో రెండు యలమంద గురించి. అక్షరాలు కోడి కెలికినట్టున్నవి. బావమరిదికి రాసేటప్పుడు ఆ మాత్రం శ్రద్ధ చాలనుకున్నారు కాబోలు.

రాలేరు. కారణం అడగకూడదు. మంచిది.

మా అక్క తోటలో పడిపోయింది. మీ బదులు మంచులో తిరిగి పడిపోయింది. ఆమె కోసం మీరు ఒక్క పూట గోదావరిలో దిగలేరు. నీళ్ళు చల్లగా ఉంటాయి కదండీ, ఒళ్ళు జలదరిస్తుంది.

నేనూ రాలేను. కారణం మీరడగకండి. బుట్ట పట్టుకోడానికి వేరే మేనమామని చూసుకోండి. ఏలూరులో అద్దెకి దొరుకుతారేమో.

ఇట్లు,
వి. అప్పారావు

*

ఆగిరిపల్లి,
మార్గశిరం, మబ్బుగా ఉన్న రోజు.

అప్పారావుకి,

ఇది చదివి పొయ్యిలో పెట్టు.

నువ్వు "మీరు" అని రాయడం ఇదే మొదలు. అందుకే రాస్తున్నాను. నా అక్షరాలు కోడి కెలికినట్టు ఉండటానికి కారణం ఉంది. చేతికి ఉన్ని తొడుగు వేసుకుని రాస్తాను. ఉత్తరాలు కురచగా ఉండటానికీ అదే కారణం. ఈ ఒక్క ఉత్తరం రాయడానికి మూడు పూటలు పట్టింది.

నాకు రక్తంలో జబ్బు ఉంది. అరుదైనది. లక్షల మందిలో ఒకరికి వస్తుందన్నారు. ఒంటిని కాపాడవలసిన శక్తే నా ఎర్ర కణాలను పరాయివనుకుంటుంది. ఒళ్ళు వెచ్చగా ఉన్నంతసేపూ ఊరుకుంటుంది. చలి తగిలితే కణాలు ఒకదానికొకటి అతుక్కుంటాయి, పగిలిపోతాయి. వేళ్ళ చివరలు, చెవులు నీలమవుతాయి. మూత్రం కాఫీ డికాక్షన్ రంగులో వస్తుంది. తరువాత మెట్టు ఎక్కలేను, మాట పూర్తి చేయలేను. మందుతో అదుపులో ఉంటుంది. పోదు.

సింధూర ఇంటర్ చదివేటప్పుడు బయటపడింది. విజయవాడ ల్యాబులో నా రక్తం తీస్తే లెక్కలు ఒకదానితో ఒకటి పొసగలేదు. మళ్ళీ తీశారు. మిషను పాడయిందన్నారు. ఏసీ గదిలో గొట్టంలోనే రక్తం ముద్దకట్టిందని ఎవరికీ తట్టలేదు. చివరకు ఒక డాక్టరుగారు ఆ గొట్టాన్ని వేడినీళ్ళలో ఉంచి పరీక్ష చేయించారు. అప్పుడు తెలిసింది.

ఇంటికి వస్తుంటే బస్సులో మీ అక్క అంది: "రక్తంలో జబ్బంటే జనానికి తెలిసినవి రెండే జబ్బులండీ. ఆడపిల్లుంది. దాని పెళ్ళయ్యేదాకా మనిద్దరి మధ్యే ఉండాలి. మా తమ్ముడికి కూడా వద్దు, వాడి గొంతు మీకు తెలుసుగా." నేను మాట ఇచ్చాను. బద్ధకస్తుడినన్న పేరు అప్పుడే పుట్టింది. పుట్టించింది ఆమే. "జమీందారు అంటే అననివ్వండి, రోగిష్టి అనరు కదా" అనేది.

వేసవిలో మనం కాయలు గడ్డిలో మాగబెట్టే వెనక గది నీకు తెలుసు. మందపాటి గోడలు, ఒక్కటే కిటికీ. ఇంట్లో అంతకన్నా వెచ్చని చోటు లేదు. కార్తీకం నుంచి శివరాత్రి దాకా నేను ఆ గదిలో ఉంటాను. వేసవిలో కాయలు, చలికాలంలో నేను. ఫ్రిజ్ తెరవకూడదు. స్టీలు గ్లాసు పట్టుకోకూడదు. మీ అక్క నా చొక్కాను అన్నం గిన్నె మూత మీద వేసి వెచ్చబెట్టి ఇచ్చేది. స్నానానికి నీళ్ళు కాచి మోచెయ్యి ముంచి చూసేది. అరచెయ్యి అబద్ధం చెబుతుందట, పని చేసిన చేతికి వేడి తెలియదట. మోచెయ్యి సరేనంటేనే నన్ను పిలిచేది.

మామిడికి చలి పడాలి. చలి ఎంత పడితే పూత అంత. ఆమె పొద్దున్నే చలి బాగా పడాలని దణ్ణం పెట్టుకుని, వెంటనే వచ్చి నా కిటికీ సందుల్లో పాత గుడ్డలు కుక్కేది. తోటలో నుంచి ఒక పూరెబ్బ తెచ్చి, మంచు తుడిచి, కిటికీలోంచి చూపించేది. నేను మా తోట పూత చూసింది ఆ రెబ్బల్లోనే.

ఆ రోజు యలమంద పరుగున వచ్చి "అమ్మగారు పడిపోయారండీ" అన్నాడు. నేను ఎలా ఉన్నవాణ్ణి అలాగే వెళ్ళాను. చెప్పులు లేవు. గడ్డంతా మంచు. ఆమెను ఒళ్ళో పెట్టుకుని ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. మా ఇద్దరిలో ఆమె చెయ్యి చల్లగా ఉండటం అదే మొదటిసారి. మధ్యాహ్నానికి నన్ను విజయవాడ ఆసుపత్రిలో పడుకోబెట్టారు. రక్తాన్ని వెచ్చబెట్టే యంత్రం గుండా ఎక్కించారు. ఇక్కడ నువ్వు తలకొరివి పెట్టావు. ఆ సంగతి నాకు మర్నాడు తెలిసింది.

ఇప్పుడు నువ్వు పుష్యంలో గోదావరిలో మునగమంటున్నావు. మునిగితే నేను ఉంటానో లేదో. కారణం చెబితే సింధూర పెళ్ళి ఉంటుందో లేదో. ఊరుకుంటే నువ్వు ఉండవు. నాలుగు వైపులా గోడలే. పొద్దున్నించీ ఇదే ఆలోచిస్తున్నాను. ఆలోచించడానికి తప్ప ఈ గదిలో పని లేదు.

మీ అక్కకిచ్చిన మాట తప్పాను. పొయ్యిలో పెట్టడం మరిచిపోవద్దు.

సుభాష్

*

చింతలపూడి,
మార్గశిరం.

బావా,

కాగితం పొయ్యిలో పెట్టాను. నోరు మాత్రం పెట్టుకోలేకపోయాను. అది చివర్లో చెబుతాను, ముందే చెబితే మిగతాది చదవవు.

మొదట నమ్మలేదు. చలికి రక్తం ముద్దకడితే హిమాలయాల్లో మనుషులు ఎట్టా బతుకుతున్నారు అని కృష్ణవేణితో వాదించాను. అది నీ సాక్సులు గుర్తుచేసింది. అంత ఎండలో పెద్దకర్మ భోజనాల దగ్గర నువ్వు మజ్జిగ గ్లాసుని రుమాలుతో పట్టుకున్నావంట. అది చూసింది. నేను చూళ్ళేదు. నేను నీ తలే చూస్తున్నాను, తడిసిందా లేదా అని.

అక్క నా దగ్గర దాచింది. రెండు రోజులు అన్నం సయించలేదు. చిన్నప్పుడు నేను దొంగిలించిన జీడిమామిడి కాయలు కూడా తన పరికిణీలో దాచిన మనిషి. నా దొంగతనాలన్నీ తను దాచింది, తన కష్టం ఒక్కటి నాకు చెప్పలేదు. నా గొంతు గురించి అందన్నావు చూడు, అక్కడ కోపం వచ్చింది. కోపం వచ్చాక ఏం చేశానో విను.

ఇక్కడ డాక్టరు దగ్గరకెళ్ళాను, ఇది పిల్లలకి వస్తుందా అని అడుగుదామని. చెవిలో గుసగుసగానే అడిగాను బావా. అమ్మతోడు, నా లెక్కకి గుసగుసే. డాక్టరు రెండు చేతులూ ఎత్తి "ఆగు ఆగు" అన్నాడు. కాగితం మీద రాసిచ్చాడు: అంటుకోదు, పిల్లలకి రాదు అని. సంతోషం పట్టలేక దాన్ని కూడా పైకి చదివాను. బయటికొస్తే బెంచీల మీద జనమంతా నా వంకే చూస్తున్నారు. వాళ్ళలో పుష్పవతి ఉంది. మన పెళ్ళికొడుకు రవిచంద్ర మేనత్త.

నేను నవ్వాను. ఆవిడ నవ్వలేదు.

అక్కకి నా సంగతి తెలుసు. నాకే తెలీలేదు. ఏం చెయ్యమంటావో రాయి. పెళ్ళివారి కాళ్ళు పట్టుకోమంటే పట్టుకుంటాను, మాట్లాడొద్దంటే మాట్లాడను.

అప్పారావు

*

ఆగిరిపల్లి,
పుష్యం వచ్చింది.

అప్పారావుకి,

నీ ఉత్తరం కంటే పెళ్ళికొడుకు తండ్రి ఫోనే ముందు వచ్చింది. "మీ ఇంట్లో రక్తం సంగతి ఏదో ఉందట కదండీ" అన్నారు. ఉందన్నాను. మళ్ళీ చేస్తామన్నారు. వారం దాకా చేయలేదు.

ఆ వారం గురించి రాయను. చలి ఎక్కువగా ఉంది. కరెంటు పోయినప్పుడల్లా హీటరు ఆగిపోయేది. గడ్డి వాసనలో పోయిన వేసవి కాయల వాసన ఇంకా ఉంది. తలుపు తీస్తే నా ఒళ్ళు చెడుతుంది, తీయకపోతే కూతురి పెళ్ళి కోసం ఎవరి గడపకూ వెళ్ళలేను. కుర్చీ ఇటు నుంచి అటు జరుపుకుని కూర్చున్నాను. అంతకంటే చేయగలిగింది లేదు.

ఆదివారం సింధూర వచ్చింది. జరిగింది చెప్పాను. ఆ పిల్ల బ్యాగు కూడా దించలేదు.

"రవికి తెలుసు నాన్నా. మొదటి నుంచీ తెలుసు."

"ఎవరు చెప్పారు?"

"నేనే. అమ్మ చెప్పమంది. ఊరికి దాచు గానీ చేసుకునేవాడికి దాచకు అంది."

"మరి నాకు చెప్పలేదేం?"

"నువ్వు మాటంటే మాటే కదా. ఇంట్లో ఒక్కళ్ళన్నా నోరు విప్పని మనిషి ఉండాలని అమ్మే అంది."

నాకు నవ్వు వచ్చింది. ఏడాదిలో మొదటిసారి. మీ అక్క తాళం నాకొక్కడికే వేసి, తన తాళంచెవి కూతురికి ఇచ్చి వెళ్ళింది.

రవి వాళ్ళ నాన్న డాక్టరు కాగితం కావాలన్నారట. సింధూర ఇవ్వనంది. రవిచంద్ర తనే విజయవాడ వెళ్ళి మా డాక్టరుగారితో మాట్లాడి, తండ్రిని తీసుకువెళ్ళి మళ్ళీ మాట్లాడించాడు. నిన్న ఫోను వచ్చింది. వైశాఖం ముహూర్తం ఉంటుంది. వాళ్ళ అమ్మగారు మాత్రం ఫోనులోకి రాలేదు. రావడానికి టైము పడుతుంది.

నువ్వు ఎవరి కాళ్ళూ పట్టుకోవద్దు. నువ్వు అరిచి ఉండకపోతే నేను వైశాఖం దాకా భయపడుతూ ఉండేవాణ్ణి.

సంవత్సరీకం సంగతి మిగిలింది. మునగలేను. కానీ మీ అక్కకి తల తడపకుండా పిండం పెట్టడం నాకూ ఇష్టం లేదు. పోయినేడు పెద్దకర్మలో తల తడపకుండానే కూర్చున్నాను. నువ్వన్న మాటల్లో అదొక్కటే నిజంగా తగిలింది.

నీ ఉత్తరం ఈసారి తొడుగు తీసి వెనక తడిమాను. ఏమీ తగల్లేదు.

సుభాష్

*

చింతలపూడి,
పుష్యం.

జమీందారు గారికి,

బుధవారం వస్తున్నాను. పట్టిసీమ వెళ్ళి రెండు టిన్నుల గోదావరి నీళ్ళు పట్టాను. కృష్ణవేణి మూతలకి గుడ్డ కట్టింది. పంతుల్ని అడిగితే కాగితం మీద రాశాడు: తద్దినం పెట్టేది అసలు మధ్యాహ్నమేనంట. తెల్లవారుజామున అని పట్టుబట్టింది నేనొక్కణ్ణే. గోదావరికి నువ్వు రావాలనీ శాస్త్రంలో లేదంట. నీళ్ళు కాచకూడదనీ లేదంట. నువ్వు వణకాలని ఉన్నది నా శాస్త్రంలోనే.

తిథి దాకా మీ ఇంట్లోనే ఉంటాను. పొద్దున్నే తోట నేను తిరుగుతాను. నాకు చెవులు లేవు, నీకు చలికాలం లేదు. ఇద్దరం కలిస్తే ఒక మనిషికి సరిపోతాం. కాగితాలు దగ్గర పెట్టుకో. కిటికీ బయట నుంచి నేను అరవను. ఒకసారి అరిచింది చాలు.

అప్పారావు

*

కిటికీ బయట,
పొద్దున.

బావా, తలుపు తియ్యకు, పొగమంచు ఉంది. ఈ చీటీ సందులోంచి తోస్తున్నాను.

బావి దగ్గర బంగినపల్లి చెట్లు బ్రహ్మాండంగా పూశాయి. పడమటి వరసలో ఆకులు జిగురుగా ఉన్నాయి, తేనెమంచు పురుగు పట్టింది. యలమందని అడిగితే మూతి "బాగుందండీ" అన్నట్టే కదిలింది. ఆకు తీసి వాడి చేతికి అంటించాను. మందు కలుపుతున్నాడు.

అక్క పడింది ఏ చెట్టు కింద?

*

గది,
పొద్దున.

పడమటి వరసలోనే. కొమ్మ నేలకు వంగిన చిన్నరసం. నువ్వు వెళ్ళి చూడు. నేను ఆ రోజు తరువాత చూడలేదు.

చెప్పులు వేసుకుని వెళ్ళు.

*

కిటికీ బయట.

చూశాను. కాసేపు కూర్చున్నాను. ఆ చెట్టు రెబ్బ ఒకటి పంపుతున్నాను. మంచు నా పంచెతో తుడిచాను.

*

గది.

అందింది. పూత దట్టంగా ఉంది. పిందె నిలుస్తుంది.

తుడవాలని నీకు రాశానా? రాశాననుకుంటాను. ఈ మధ్య ఏది రాశానో ఏది అనుకున్నానో తెలియడం లేదు.

*

పెరటి పొయ్యి దగ్గర,
తిథి నాడు, మధ్యాహ్నం.

బావా, పంతులు వచ్చాడు. సింధూర వంట చేస్తోంది. అక్క కాగులోనే గోదావరి నీళ్ళు పోసి కాచాను. పెరట్లో నాలుగు వైపులా టార్పాలిన్ కట్టించాను, గాలి రాదు. ఎండ బాగా వచ్చింది. తలుపు తీసుకుని రా.

*

గది,
మధ్యాహ్నం.

అప్పారావుకి,

కూర్చుని లేచాను. తలుపు దాకా వెళ్ళాను. తీయలేకపోయాను. చలికి కాదు. నీళ్ళు చూసి మీ అక్క పిలిస్తేనే చలికాలంలో ఈ తలుపు తీసేవాణ్ణి. ఇప్పుడు ఆ పిలుపు లేదు. సింధూర వచ్చిన రోజుల్లో కూడా ఆ పిల్లే బయట నుంచి తీసేది.

నీళ్ళు ఎంత వేడిగా ఉన్నాయి? నీ అరచేతిని నమ్మవద్దు. నువ్వు పొలం మనిషివి.

సుభాష్

*

పెరటి పొయ్యి దగ్గర.

మోచెయ్యి ముంచి చూశాను బావా. సరిపోయాయి.

రా.